నెట్ రావడం లేదా? ఎక్కడ ఆగిందో కనిపెట్టండి!



"సార్, నెట్ వస్తలేదు!"

మా బడి కంప్యూటరు గదిలో నేను తరచుగా వినే మాట ఇది. మీరు కూడా ఇంట్లోనో, బడిలోనో, మీసేవ కేంద్రం ముందు వరుసలో నిలబడినప్పుడో ఈ మాట వినే ఉంటారు. ఒక రోగి డాక్టరు దగ్గరకు వెళ్ళి "నాకు బాగాలేదు" అని మాత్రం చెప్పి ఊరుకున్నాడనుకోండి. డాక్టరు మందు ఇవ్వగలడా? తలనొప్పా, కడుపునొప్పా, జ్వరమా, ఎన్ని రోజులనుంచి అని అడిగి తెలుసుకుంటేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. "నెట్ రావడం లేదు" అన్నది కూడా ఒక్క జబ్బు కాదు. దాని వెనుక ఏడెనిమిది వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ఆ కారణాలను విడదీసి చూడాలంటే మనకు కొన్ని మాటల అర్థం తెలియాలి.

ఆ మాటలు తెలియకపోవడంవల్ల జరిగిన ఒక నష్టాన్ని మొదట మీకు చెబుతాను.

కొన్ని సంవత్సరాల క్రిందట జూన్ నెలలో జరిగిన సంగతి ఇది. మహబూబ్‌నగర్ జిల్లాలో మాది ఒక ఉన్నత పాఠశాల. పత్తి గింజలు పెట్టే రోజులు. మా బడిలో పదవ తరగతి పాసైన ఒక అమ్మాయి, ఆ రోజు కూలి మానుకొని వచ్చిన వాళ్ళమ్మతో కలిసి మా కంప్యూటరు గదికి వచ్చింది. పై చదువుకు దరఖాస్తు పంపడానికి అదే ఆఖరి రోజు. కంప్యూటరు తెరిచాం. నెట్ రాలేదు. నేను రెండుసార్లు కంప్యూటరును ఆపి, మళ్ళీ వేశాను. రాలేదు. "కంపెనీవాళ్ళ లైను పోయినట్టుంది, పట్నం పోయి చేయించుకోండి" అని పంపించాను. బస్సు దొరికి వాళ్ళు పట్నం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నెట్ సెంటరులో పెద్ద వరుస. వాళ్ళ వంతు వచ్చేసరికి గడువు ముగిసిపోయింది.

మర్నాడు తేలిందేమిటంటే, కంపెనీ లైను పోనేలేదు! లోపం మా బడిలోనే ఉంది. దాన్ని రెండు నిమిషాల్లో సరిచేయవచ్చు. ఆ లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి ఆ రోజు నా కళ్ళ ముందే మూడు ఆధారాలు ఉన్నాయి.

ఒకటి: గదిలోని కంప్యూటర్లు ఒకదానిలోని పాఠాలను మరొకటి చక్కగా తెరవగలుగుతున్నాయి.

రెండు: ప్రతి కంప్యూటరుకూ 169.254 అనే అంకెలతో మొదలయ్యే చిరునామా ఉంది.

మూడు: ఆఫీసు గదిలో బడి వై-ఫైతో పనిచేస్తున్న ప్రధానోపాధ్యాయులవారి ఫోనుకు మాత్రం ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి.

లోపం ఎక్కడ? జవాబు చివర చెబుతాను. ఈ వ్యాసం చదువుతూ మీరే కనిపెట్టడానికి ప్రయత్నించండి.

గదిలోపలి వల – లాన్

ఒక గదిలోనో, ఒక భవనంలోనో ఉన్న కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటర్లు తమలో తాము మాట్లాడుకునేలా కలిపితే దానిని స్థానిక వల, అంటే లాన్ అంటారు. ఇది ఇంటర్నెట్ కాదు! ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోండి. ఊళ్ళో ఇళ్ళమధ్య సందులు వేరు, ఊరినుంచి పట్నానికి పోయే తారురోడ్డు వేరు కదా! తారురోడ్డు తెగిపోయినా మీరు పక్కింటికి వెళ్ళి రాగలరు. అలాగే ఇంటర్నెట్ లేకపోయినా లాన్ పనిచేస్తుంది.

మా గదిలో పది కంప్యూటర్లున్నాయి. ఒక్కొక్క కంప్యూటరు వెనుకనుంచి ఒక నీలం కేబులు బయలుదేరి గోడమీద ఉన్న చిన్న పెట్టెలోకి పోతుంది. ఆ పెట్టె పేరు స్విచ్. దీపం వెలిగించే మీటకూ దీనికీ సంబంధం లేదు. స్విచ్ చేసే పని మన బడి అటెండరు చేసే పనిలాంటిది. ప్రధానోపాధ్యాయులు ఇచ్చిన చీటీని అటెండరు ఏ గదిలో ఏ టీచరు ఉన్నారో తెలుసుకొని నేరుగా వారికే అందిస్తాడు. అన్ని తరగతులకూ తిరిగి అరవడు. స్విచ్ కూడా ఏ కేబులు చివర ఏ కంప్యూటరు ఉందో గుర్తుపెట్టుకొని, సందేశాన్ని దానికే పంపుతుంది.

స్విచ్ కంప్యూటర్లను గుర్తుపట్టేదెలా? తయారుచేసినప్పుడే ప్రతి యంత్రపు నెట్‌వర్కు భాగానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. దానిని మ్యాక్ చిరునామా అంటారు. అందులో 48 బిట్లు ఉంటాయి. కొన్ని కొత్త ఫోన్లు వై-ఫైలో తమ అసలు సంఖ్యను దాచి, వేరే సంఖ్యను చెప్పుకుంటాయి. అది యజమాని ఎక్కడ తిరుగుతున్నదీ ఇతరులు పసిగట్టకుండా చేసుకున్న ఏర్పాటు.

ఆ నీలం కేబులును కోసి చూస్తే లోపల ఎనిమిది సన్నని రాగి తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలుగా కనిపిస్తాయి. మెలిక ఎందుకు? మారుతున్న అయస్కాంత క్షేత్రం పక్కనున్న తీగలో విద్యుత్తును ప్రేరేపిస్తుందని మీరు పాఠంలో చదువుకున్నారు. ఫ్యాను తీగలవల్ల, ఇతర జతలవల్ల పుట్టే అలాంటి అనవసర విద్యుత్తు, తీగలను మెలిపెట్టడంవల్ల చాలావరకు రద్దవుతుంది. ఈ కేబులు ఒక్క ముక్కగా దాదాపు 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఈ పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు. దీనికి 1973లో అమెరికాలో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపకల్పన చేశాడు.

ముక్కలు ముక్కలుగా ప్రయాణం

ఈ తీగలమీద సందేశం ఎలా పోతుంది? మీరొక ఫోటో పంపారనుకోండి. అది ఒక్క మూటగా పోదు. చిన్న చిన్న ముక్కలవుతుంది. ఒక్కొక్క ముక్కను ప్యాకెట్ అంటారు. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ సాధారణంగా 1500 బైట్లకు మించదు. 30 లక్షల బైట్ల ఫోటో అయితే దాదాపు 2000 ప్యాకెట్లవుతుంది. ప్రతి ప్యాకెట్ మీదా "ఎవరినుంచి, ఎవరికి" అనే రెండు చిరునామాలుంటాయి. క్రమసంఖ్య కూడా ఉంటుంది కాబట్టి అవి ముందూ వెనుకలుగా చేరినా అవతలి కంప్యూటరు వాటిని వరుసలో పేర్చుకుంటుంది. ఏదైనా దారిలో తప్పిపోతే ఆ ఒక్క ముక్కనే మళ్ళీ పంపిస్తారు.

పెళ్ళి బృందమంతా ఒకే బస్సుకోసం కాచుకోకుండా, వచ్చిన బస్సులో చోటు దొరికినవారు దొరికినట్టు ఎక్కి, చివరికి పెళ్ళిపందిట్లో కలుసుకోవడం వంటిది ఇది. ఒకే తీగమీద వేలమంది సందేశాలు కలిసి పోగలగడానికి కారణం ఇదే. ఈ ఆలోచన 1960లలో అమెరికాలో పాల్ బారన్‌కు, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్‌కు విడివిడిగా వచ్చింది. "ప్యాకెట్" అన్న పేరు పెట్టినవాడు డేవిస్.

తీగ లేకుండా – వై-ఫై

కేబులుకు బదులు రేడియో తరంగాలతో లాన్‌ను ఏర్పాటు చేస్తే అదే వై-ఫై. చాలామంది "వై-ఫై అంటేనే ఇంటర్నెట్" అనుకుంటారు. అది పొరపాటు. వై-ఫై గదిలోపలి ప్రయాణానికి మాత్రమే. ఫోనుమీద వై-ఫై గుర్తు నిండుగా కనిపించినంత మాత్రాన బయటి దారి తెరిచి ఉన్నట్టు కాదు.

వై-ఫై ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల దగ్గర పనిచేస్తుంది. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది కదా! లెక్క వేయండి. మొదటిదానికి సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండవదానికి 6 సెంటీమీటర్లు వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ సమాచారాన్ని మోయగలవు కాని గోడలు దాటడంలో ఎక్కువగా నీరసిస్తాయి. మన పాలమూరు పల్లెల్లో మూరెడు మందం రాతిగోడల ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పెట్టెను లోపలి గదిలో పెట్టి వాకిట్లో కూర్చుంటే సంకేతం అందకపోవడంలో వింత లేదు. ఇనుప బీరువా వెనుక పెట్టినా అంతే.

అంకెల చిరునామా – ఐ.పి.

మ్యాక్ చిరునామా మనిషి ఒంటిమీది పుట్టుమచ్చ వంటిది. అది మనిషిని గుర్తించడానికి పనికివస్తుంది కాని, ఉత్తరం చేరవేయడానికి పనికిరాదు. దానికి ఇంటి చిరునామా కావాలి. కంప్యూటర్ల లోకంలో ఇంటి చిరునామావంటిది ఐ.పి. చిరునామా. 192.168.1.7 ఇందుకొక ఉదాహరణ. ఇందులో నాలుగు సంఖ్యలుంటాయి. ప్రతి సంఖ్యా 0 నుంచి 255 లోపే ఉంటుంది. ఎందుకంటే ఒక్కొక్కదానికి 8 బిట్ల చోటే ఉంది, 2ను 8సార్లు హెచ్చిస్తే 256 వస్తుంది. మొత్తం 32 బిట్లు కాబట్టి ఈ పద్ధతిలో 429 కోట్లకు పైచిలుకు చిరునామాలు సాధ్యం.

వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1974లో ప్రచురించిన వ్యాసం ఈ పద్ధతికి పునాది. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ అనే వల ఈ నియమాలకు మారింది. ఆనాడు 429 కోట్లంటే తరగని నిధిలా తోచింది. కాని 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిధిలో మిగిలిన చివరి కట్టలను కూడా పంచేశారు. అందుకే 128 బిట్ల కొత్త చిరునామాలు వాడుకలోకి వచ్చాయి. వాటి మొత్తం సంఖ్యను రాస్తే 39 అంకెలు వస్తాయి!

కంప్యూటరుకు ఈ చిరునామాను ఎవరిస్తారు? బడి తెరిచిన రోజున క్లాసు టీచరు హాజరుపట్టీ తెరిచి పిల్లలకు నంబర్లు ఇస్తారు కదా! లాన్‌లో ఆ పని చేసే ఏర్పాటును డి.హెచ్.సి.పి. అంటారు. కంప్యూటరు వేయగానే అది "నాకొక నంబరు ఇవ్వండి" అని గదంతా వినిపించేలా అడుగుతుంది. డి.హెచ్.సి.పి. ఖాళీగా ఉన్న ఒక నంబరును కొంత గడువుకు ఇస్తుంది. ఒకే నంబరు ఇద్దరికి రాకుండా చూస్తుంది.

మరి ఎంత అడిగినా జవాబు రాకపోతే? అప్పుడు కంప్యూటరు 169.254 అంకెలతో మొదలయ్యే ఒక తాత్కాలిక చిరునామాను తనకు తానే పెట్టుకుంటుంది. దానితో అదే గదిలోని పక్క కంప్యూటర్లతో మాట్లాడవచ్చు కాని బయటికి పోవడానికి వీలులేదు. టీచరు రాని తరగతిలో పిల్లలు తమకు తామే నంబర్లు పెట్టుకున్నట్టన్నమాట. ఇప్పుడు రెండవ ఆధారం గుర్తుకు వచ్చిందా?

ఊరి దర్వాజ – రూటరు

రెండు వేర్వేరు వలల మధ్య నిలబడి, ప్యాకెట్‌మీది చిరునామా చూసి, అది ఏ దారిన పోవాలో నిర్ణయించే యంత్రం రూటరు. మన లాన్‌కు బయటి లోకానికి మధ్య ఉన్న రూటరును ఆ లాన్‌కు గేట్‌వే అంటారు. కోటగోడ ఉన్న పాత ఊళ్ళలో బయటికి పోవాలంటే ఊరి దర్వాజ దాటవలసిందే కదా! ఇదీ అంతే. చాలా ఇళ్ళలో దీని చిరునామా 192.168.1.1 అనో, 192.168.0.1 అనో ఉంటుంది. ఇంట్లో వాడే చిన్న రూటరు పెట్టెలోనే స్విచ్, వై-ఫై, నంబర్లిచ్చే డి.హెచ్.సి.పి. కూడా ఇమిడి ఉంటాయి. అందుకే మనకు ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి.

మీకొక సందేహం రావాలి. చాలా ఇళ్ళలో చిరునామా 192.168తోనే మొదలైతే ఉత్తరాలు తారుమారు కావా? మన ఊళ్ళ ఇంటి నంబర్లనే చూడండి. 1-23 నంబరు ఇల్లు జడ్చర్లలో ఉండవచ్చు, అచ్చంపేటలోనూ ఉండవచ్చు. ఊరిలోపల ఆ నంబరు చాలు. బయటినుంచి ఉత్తరం రావాలంటే ఊరిపేరు కావాలి. 192.168తో మొదలయ్యేవి ఇలాంటి లోపలి చిరునామాలు. బయటి లోకానికి కనిపించేది రూటరుకున్న బయటి చిరునామా మాత్రమే.

రూటరు ఇక్కడొక మంచి పని చేస్తుంది. వసతిగృహంలోని పిల్లలందరికీ ఒకే చిరునామాకు ఉత్తరాలు వస్తాయి. ఏ ఉత్తరం ఏ పిల్లవాడిదో వార్డెను తన పుస్తకంలో చూసి ఇస్తారు. అలాగే లోపలి కంప్యూటరు పంపిన ప్యాకెట్‌మీద రూటరు తన బయటి చిరునామా రాసి పంపి, ఎవరు పంపారో తన పట్టికలో గుర్తుపెట్టుకుంటుంది. జవాబు రాగానే సరైన కంప్యూటరుకు అందిస్తుంది. దీనిని నాట్ అంటారు. 429 కోట్ల చిరునామాలు చాలకపోయినా పని నడుస్తున్నదంటే దీని సాయం చాలా ఉంది.

ఊరు దాటి – మోడెమ్, కాంతి తీగ

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైంది. అప్పుడు టెలిఫోను తీగే దారి. కంప్యూటరు సంకేతాలను టెలిఫోను మోయగల ధ్వని సంకేతాలుగా మార్చి పంపి, వచ్చినవాటిని తిరిగి మార్చే పెట్టెను మోడెమ్ అనేవారు. ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నది గాజుతో చేసిన కాంతి తీగ, అంటే ఆప్టికల్ ఫైబర్. దాని చివర మన గదిలో ఉండే పెట్టెను ఓ.ఎన్.టి. అంటారు. అది కాంతిని విద్యుత్ సంకేతాలుగా, విద్యుత్ సంకేతాలను కాంతిగా మారుస్తుంది. కొన్నిచోట్ల ఓ.ఎన్.టి., రూటరు ఒకే పెట్టెలో ఉంటాయి.

ఎండాకాలంలో తారురోడ్డుమీద దూరాన నీళ్ళున్నట్టు కనిపించే ఎండమావిని మీరు చూశారు. దానికి కారణంగా మీ పుస్తకంలో సంపూర్ణాంతర పరావర్తనాన్ని వివరించారు. గాజు తీగలోపల కాంతిని బయటికి పోనీయకుండా బంధించి నడిపించేదీ ఆ ధర్మమే. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండనులో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్టగుండా బొమ్మను పంపి, 1954లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. మలినాలు తొలగిస్తే గాజుగుండా కాంతిని చాలా దూరం పంపవచ్చని చార్లెస్ కావో 1966లో చూపాడు. అందుకు 2009లో నోబెల్ బహుమానం పొందాడు.

ఒక హెచ్చరిక: ఈ తీగలో పోయేది కంటికి కనిపించని పరారుణ కాంతి. విప్పిన తీగ చివరను కంటికి ఎదురుగా పెట్టుకొని ఎన్నడూ చూడకండి.

పల్లెలకు ఈ కాంతి తీగలు తేవడానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఒక పథకాన్ని ఆమోదించింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాలకోసం తవ్విన కందకాలలోనే కాంతి తీగల గొట్టాలను కూడా వేశారు. ఒకే తవ్వకంతో నీరూ, సమాచారమూ! ఇలా ఏర్పడిన టి-ఫైబర్ వలను 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా నాలుగు గ్రామాలలో ప్రారంభించారు. వాటిలో మద్దూరు ఒకటి. ఇది ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉంది కాని, అంతకుముందు మన మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే.

కాంతి తీగకు అవతలి చివర ఉన్నది సేవాసంస్థ. దానిని ఐ.ఎస్.పి. అంటారు. అది మన ప్యాకెట్లను మరో పెద్ద వలకు, ఆ వల ఇంకొకదానికి అందిస్తుంది. ముంబయి, చెన్నైవంటి రేవుల దగ్గర సముద్రం అడుగున పరిచిన కేబుళ్ళు మన దేశపు వలలను ఇతర దేశాలతో కలుపుతాయి. ఇలా వలలన్నీ కలిసిన మహావలే ఇంటర్నెట్. దానికి ఒక యజమాని లేడు. అందరూ ఒప్పుకొన్న నియమాలే దాన్ని నడిపిస్తున్నాయి.

ఫోనులో మొబైల్ డేటా వాడినప్పుడు ఈ దారి కొంచెం వేరు. ఫోను నేరుగా టవరుతో మాట్లాడుతుంది. హాట్‌స్పాట్ వేస్తే మాత్రం ఆ ఫోనే ఇతరులకు చిన్న రూటరు అయిపోతుంది.

పేరు చెబితే నంబరు – డి.ఎన్.ఎస్.

ప్యాకెట్లకు తెలిసేవి అంకెలే. మనకు గుర్తుండేవి పేర్లు. మనం వెబ్‌సైటు పేరు కొట్టగానే దాని ఐ.పి. చిరునామా వెతికి ఇచ్చే ఏర్పాటును డి.ఎన్.ఎస్. అంటారు. ఫోనులో మేనమామ పేరు నొక్కితే నంబరు దానంతట అదే కలిసినట్టు! పాల్ మొకపెట్రిస్ 1983లో దీన్ని రూపొందించాడు. డి.ఎన్.ఎస్. పనిచేయకపోతే దారులన్నీ బాగున్నా "నెట్ రావడం లేదు" అనే అనిపిస్తుంది. ఇంటి నంబరు తెలియకపోతే రోడ్డెంత బాగుండి ఏం లాభం?

వచ్చినా నత్తనడకేనా?

ఒక సెకనులో ఎంత సమాచారం పోగలదో చెప్పేది బ్యాండ్‌విడ్త్. ఇక్కడ చాలామంది పొరపడతారు. లైను వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. ఒక బైటు అంటే 8 బిట్లు. 40 మెగాబిట్ల లైనుమీద 50 మెగాబైట్ల పాఠం దించుకోవడానికి ఎంత సమయం పడుతుంది? 50ని 8తో హెచ్చిస్తే 400 మెగాబిట్లు. 400ను 40తో భాగిస్తే 10 సెకన్లు. అదే పాఠాన్ని పది కంప్యూటర్లు ఒక్కసారిగా దించుకుంటే ఒక్కొక్కదాని వంతుకు 4 మెగాబిట్లే వస్తాయి. అప్పుడు 100 సెకన్లు పడుతుంది. ఇది లోపం కాదు, పంపకం. మంచినీళ్ళ కొళాయిలన్నీ ఒకేసారి తిప్పితే ధార సన్నబడటం మీకు తెలిసిందే.

ఒక ప్యాకెట్ పోయి జవాబు తెచ్చేందుకు పట్టే కాలం వేరే సంగతి. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మహబూబ్‌నగర్‌నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. పోయిరావడం 200 కిలోమీటర్లు. అంటే సెకనులో వెయ్యో వంతు! తీగ వంకరలు తిరగడంవల్ల, మధ్యలో రూటర్లు ఆలోచించడంవల్ల నిజానికి ఇంతకన్నా ఎక్కువ కాలమే పడుతుంది.

ఐదు మెట్ల పరీక్ష

ఇప్పుడు "నెట్ రావడం లేదు" అనే రోగాన్ని పరీక్షిద్దాం. దగ్గరినుంచి దూరానికి వరుసగా వెళ్ళాలి. మెట్టు తప్పకూడదు.

మొదటి మెట్టు – దీపాలు. కేబులు గుచ్చిన చోట చిన్న దీపం వెలుగుతున్నదా? ఓ.ఎన్.టి. మీద ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా ఉంటే బయటినుంచి కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు మాత్రమే సేవాసంస్థకు ఫోను చేయాలి.

రెండవ మెట్టు – చిరునామా. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "ఐపికాన్ఫిగ్" అనే ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టండి. కంప్యూటరు చిరునామా, గేట్‌వే చిరునామా కనిపిస్తాయి. 169.254తో మొదలైతే రూటరు దాకా మన పిలుపు చేరడం లేదని, లేదా రూటరు నంబర్లు ఇవ్వడం మానేసిందని అర్థం.

మూడవ మెట్టు – దర్వాజ దాకా. "పింగ్" అని కొట్టి, పక్కన గేట్‌వే చిరునామా కొట్టండి. "ఉన్నావా?" అని అడిగి, "ఉన్నాను" అన్న జవాబుకు ఎంతసేపు పట్టిందో చెప్పే ఆజ్ఞ ఇది. నీటిలో శబ్దం పంపి ప్రతిధ్వని వినే సోనారు చప్పుడునుబట్టి, 1983లో మైక్ మూస్ దీనికి ఆ పేరు పెట్టాడు. జవాబు వస్తే రూటరు దాకా దారి బాగున్నట్టే.

నాలుగవ మెట్టు – ఊరి బయటికి. అలాగే 8.8.8.8 అనే చిరునామాకు పింగ్ చేయండి. ఇది గూగుల్ నడిపే డి.ఎన్.ఎస్. యంత్రాల చిరునామా. మూడవ మెట్టులో జవాబు వచ్చి ఇక్కడ రాకపోతే, లోపం రూటరుకు అవతల ఉండే అవకాశం ఎక్కువ.

ఐదవ మెట్టు – పేరుతో. ఏదైనా వెబ్‌సైటు పేరుతో పింగ్ చేయండి. అంకెలకు జవాబు వచ్చి, పేరుకు "దొరకలేదు" అని వస్తే అది డి.ఎన్.ఎస్. లోపం.

ఐదు మెట్లూ దాటినా ఒక్క వెబ్‌సైటు మాత్రమే తెరుచుకోకపోతే, లోపం ఆ వెబ్‌సైటులోనే ఉండవచ్చు. దరఖాస్తుల ఆఖరి రోజుల్లో ఇది తరచుగా జరుగుతుంది. అందుకే ఆఖరి రోజుదాకా ఆగకూడదు.

ఇక జవాబు

ఇప్పుడు మూడు ఆధారాలను కలపండి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుతున్నాయి. అంటే మా గదిలోని కేబుళ్ళు, స్విచ్ బాగున్నాయి. ఆఫీసు గదిలో వై-ఫై ఫోనుకు ఉత్తరాలు వస్తున్నాయి. అంటే ఆఫీసులో ఉన్న రూటరు, ఓ.ఎన్.టి., కంపెనీ లైను అన్నీ బాగున్నాయి. కంప్యూటర్లకు మాత్రం 169.254 చిరునామాలున్నాయి. అంటే వాటి పిలుపు రూటరుకు చేరడం లేదు. కాబట్టి లోపం స్విచ్‌కూ రూటరుకూ మధ్యనున్న ఒకే ఒక్క కేబులులో ఉంది!

ఆ కేబులును ఆఫీసు గది తలుపు సందులోనుంచి లాగినవాణ్ణి నేనే. తలుపు వేసినప్పుడల్లా నలిగి నలిగి లోపలి తీగలు తెగాయి. మర్నాడు కొత్త కేబులు వేసి, గోడకు రంధ్రం చేసి లాగాం. ఆ అమ్మాయి మరుసటి సంవత్సరం అదే గదిలో కూర్చొని దరఖాస్తు పంపింది. కాని ఒక సంవత్సరం పోయింది. తప్పు నాది కాగా, నేను చూడకుండా కంపెనీమీద వేశాను. ఆ రోజు ప్రధానోపాధ్యాయులవారి ఫోనులో దరఖాస్తు తెరిచినా, రూటరు పక్కకే ఒక కంప్యూటరు మోసుకుపోయినా ఆమె పని జరిగేది.

అప్పటినుంచి మా కంప్యూటరు గది గోడమీద ఈ ఐదు మెట్లూ రాసి పెట్టాను. ఇప్పుడు మా పిల్లలు "సార్, నెట్ వస్తలేదు" అనరు. "సార్, గేట్‌వే పలుకుతున్నది, 8.8.8.8 పలకడం లేదు" అని వచ్చి చెబుతారు. లోపం ఎక్కడుందో చెప్పగలిగినవాడికి సగం మరమ్మతు అయినట్టే.

మీరే చేసి చూడండి

1. మీ బడిలోని వలను కాగితంమీద బొమ్మగా గీయండి. కంప్యూటర్లు, స్విచ్, రూటరు, ఓ.ఎన్.టి. ఎక్కడెక్కడున్నాయో, ఏ కేబులు ఎటునుంచి ఎటు పోతుందో గుర్తించండి. ఆ బొమ్మను గోడమీద అతికించండి.

2. టీచరు అనుమతితో గేట్‌వేకు, 8.8.8.8కు పింగ్ చేసి, పట్టిన కాలాలను పట్టికలో రాయండి. కాలాల్లో తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి.

3. ఫోనును రూటరు దగ్గర, తలుపు బయట, రాతిగోడ అవతల, ఇనుప బీరువా వెనుక ఉంచి వై-ఫై బలాన్ని పోల్చండి.

4. మీ ఇంట్లో వై-ఫై గుర్తు నిండుగా ఉంది, కాని ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు. ఓ.ఎన్.టి. మీద ఎల్.ఓ.ఎస్. దీపం ఎర్రగా ఉంది. లోపం ఎక్కడ? ఎవరికి ఫోను చేయాలి? ఏమని చెప్పాలి?